వలిసె చేలో ఒక్క జత రెక్కలు

అరకు లోయ పసుపు కట్టుకునే నెలలో, ఆ పూల మీద వాలే ఒక చిన్న ఈగ పేరు తేల్చుకోవడానికి గడిపిన రెండు రోజులు

శిమిలిగూడ దాటాక కిరండూల్ పాసింజరు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. శృంగవరపుకోట నుంచి అక్కడిదాకా అంతా ఎక్కుడే. సొరంగం వెనక సొరంగం. చీకటి కమ్మినప్పుడల్లా పెట్టెలో పిల్లల కేకలు, వెలుగు రాగానే కిటికీల్లోంచి లోయలోకి వంగే తలలు. ఆ స్టేషను సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అది దాటి బండి మెల్లగా లోయలోకి దిగుతుంటే, నవంబరు నెలాఖరు రోజుల్లో, పట్టాలకు రెండు పక్కలా కళ్లు నిండేది ఒకటే రంగు. కొండ వాలున, గెడ్డ గట్టున, ఇంటి పెరటి దాకా పసుపు. వలిసె పూసింది.

రోడ్డు మీద కార్లు ఆగి ఉంటాయి. కొత్త దంపతులు, కాలేజీ పిల్లలు, పిల్లల్ని భుజానెత్తుకున్న నాన్నలు చేలోకి దిగి ఫొటోలు దిగుతుంటారు. గట్టు మీద కూర్చున్న పిల్లవాడు మనిషికి పదో ఇరవయ్యో తీసుకుంటాడు. తొక్కిన మొక్కకు అది పరిహారం. ఆ ఫొటోల్లో పూలుంటాయి, కొండలుంటాయి, నవ్వులుంటాయి. పూల మీద పొద్దున్నుంచీ పని చేస్తున్న పురుగులు మాత్రం కనపడవు. నేను ఈసారి అరకు వెళ్లింది వాటి కోసమే. వాటిలోనూ ఒక్కదాని కోసం. గాలిలో మేకు కొట్టి తగిలించినట్టు కదలకుండా నిలబడే ఈగ కోసం.

నువ్వులు కాని నువ్వులు

పేర్ల విషయంలో మనం ఎంత తొందరపడతామో చెప్పడానికి వలిసే మంచి ఉదాహరణ. తెలుగులో దీన్ని వెర్రినువ్వులనీ గడ్డినువ్వులనీ కూడా అంటారు. గింజ నల్లగా నిగనిగలాడుతుంది, గానుగాడితే నూనె వస్తుంది. అందుకే నువ్వుల్లో కలిపేశాం. నిజానికి నువ్వుతో దీనికి చుట్టరికమే లేదు. బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు దీని సొంత కుటుంబం. పుట్టిల్లు ఇథియోపియా. ఒక్క పువ్వులా కనిపించేది నిజానికి ఒక పూలబుట్ట. చుట్టూ ఎనిమిది దాకా రేకలు, మధ్యలో గుత్తిగా గొట్టాల్లాంటి చిట్టిపూలు. తేనె ఆ గొట్టాల్లోనే ఉంటుంది.

ఈ మొక్కకు ఒక కట్టుబాటుంది. తన పుప్పొడితో తాను గింజ కట్టదు. పక్క మొక్క పుప్పొడి రావాలి, దాన్ని ఎవరో మోసుకురావాలి. చేను నిండా పూలున్నా పురుగు రాకపోతే గింజ తాలే. ఈ మోతలో పెద్ద వాటా తేనెటీగలది. అయితే పొద్దెక్కాక ఓపికగా ఒక గజం మేర చేను పట్టి చూస్తే, తేనెటీగల మధ్య ఇంకొక చిన్న కూలీ కూడా కనిపిస్తుంది. సన్నటి ఒళ్లు, పసుపు నలుపు పట్టీలు. పువ్వు ముందు ఆగుతుంది, వెనక్కి జరుగుతుంది, పక్కకు జరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. తర్వాతే వాలుతుంది. మన వ్యవసాయ శాఖ కరపత్రాల్లో, రైతు పత్రికల్లో దీని పేరు సిర్ఫిడ్ ఈగ. మిత్రపురుగుల జాబితాలో అక్షింతల పురుగు పక్కనే ఉంటుంది.

ఉంగరం పడిపోనాదా?

పాడేరు రోడ్డు పక్కన ఒక చేలో మోకాళ్ల మీద కూర్చుని భూతద్దంతో చూస్తున్నాను. చేను గల అమ్మ నెత్తిన కట్టెల మోపుతో వస్తూ ఆగింది.

“ఏటి బాబూ, ఉంగరమేటైనా పడిపోనాదా?”

“లేదమ్మా. ఈ ఈగను చూస్తున్నాను.”

మోపు గట్టున దించి వచ్చి నా పక్కనే కూర్చుంది. కాసేపు చూసి, “అది ఈగేటి బాబూ, కందిరీగ. సెయ్యెట్టకు, కుడతాది,” అంది.

ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. చిన్నప్పుడు మా ఇంటి ముందు వరసగా బంతి మొక్కలుండేవి. ఈ పట్టీల ఈగలు వాటి మీద మూగేవి. కందిరీగలని మేం పిల్లలమంతా చెప్పులు పట్టుకుని కాపు కాసేవాళ్లం. ఎన్నింటిని చంపామో లెక్క లేదు. ఒక్కటీ మమ్మల్ని కుట్టలేదు. కుట్టడానికి వాటికి కొండే లేదని తెలిసేసరికి నాకు ముప్ఫై దాటాయి. ఆ బాకీ ఒకటి నాలో ఉండిపోయింది. ఎవరినైనా ఫలానా అని తేల్చే ముందు దగ్గర కూర్చుని చూడాలన్న బుద్ధి నాకు ఆ బంతి మొక్కల దగ్గరే రావలసింది. ఆలస్యంగా వచ్చింది.

ఈ ఈగ వేషం వేసుకున్నదే మనల్ని భయపెట్టడానికి. మనల్నంటే మనల్ని కాదు, పిట్టల్ని. కందిరీగ చేత కుట్టించుకున్న పిట్ట పసుపు నలుపు పట్టీలను మరిచిపోదు. ఆ జ్ఞాపకం చాటున కుట్టలేని ఈగ కూడా బతికిపోతుంది. అయితే పిట్టను మోసం చేసిన వేషం మనిషి చేతిలో మాత్రం దానికి చావు తెచ్చిపెడుతోంది.

రెక్కల లెక్కతో మొదలు

“ఈగో కందిరీగో ఎలా తెలస్తాది?” అని అడిగింది ఆ అమ్మ.

రెక్కలు లెక్కపెట్టాలి. కందిరీగకు, తేనెటీగకు రెండు జతలు. ఈగ జాతి దేనికైనా ఒక్క జతే. వెనక జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలు ఉంటాయి. ఎగిరేటప్పుడు ఒళ్లు ఎటు ఒరుగుతోందో కనిపెట్టి సరిచేసుకోవడానికి అవి సాయపడతాయి. గాలిలో అంత నిలకడగా ఆగడం వెనక వాటి చలవ ఉంది.

తర్వాత మీసాలు. కందిరీగ మీసాలు పొడుగ్గా, కీళ్లు కీళ్లుగా ముందుకు చాచి ఉంటాయి. ఈ ఈగవి చూశారా, ముక్కు మీద అతికించిన రెండు మినపగింజల్లా పొట్టివి. ఒక్కోదాని మీద ఒక్కో సన్నటి వెంట్రుక. తర్వాత నడుము. కందిరీగకు నడుము దారంలా సన్నబడుతుంది. ఈగకు ఆ తెగినట్టుండే నడుము లేదు. ఛాతీ నుంచి పొట్ట వెడల్పుగానే మొదలవుతుంది. ఇక తల అంటే దాదాపు కళ్లే. ఆ కళ్లు నడినెత్తిన ఒకదానికొకటి తగులుకుంటే మగది, మధ్యలో సందుంటే ఆడది. ఈ కుటుంబంలో ఎక్కువ జాతులకు ఈ లెక్క సరిపోతుంది.

ఇంతవరకూ ఈగ అని తేలింది. ఏ కుటుంబపు ఈగ? పసుపు నలుపు ఈగలు ఇంకా ఉన్నాయి. బీర, కాకర పిందెలను పాడుచేసే పండు ఈగ కూడా పైకి కందిరీగ రంగే. దానికీ దీనికీ తేడా తెలియకపోతే పంటకు మేలు చేసేది పోయి కీడు చేసేది మిగులుతుంది. తేడా రెక్కలోనే ఉంది.

పొద్దున్నే వెళ్లాను కాబట్టి ఆ గుర్తు చూపించగలిగాను. డిసెంబరు దగ్గరపడ్డ అరకు ఉదయాల్లో మంచు విడేదాకా పురుగులు ఎగరలేవు. పువ్వు అడుగున కాళ్లు ముడుచుకుని పట్టుకుని ఉంటాయి. అలాంటి ఒకదాన్ని చిన్న గాజు గొట్టంలోకి జారవిడిచి, ఆకాశానికి ఎదురుగా పట్టి, భూతద్దం దగ్గర పెట్టాను. రెక్క పలకలో ఈనెలు కనిపిస్తాయి. ప్రతి ఈనే ఎక్కడో ఒక ఈనె నుంచి పుట్టి ఇంకో ఈనెలోకో అంచుకో చేరుతుంది. రెక్క మధ్యలో మాత్రం ఒకటి అలా కాదు. ఉత్తినే మొదలవుతుంది, నిలువునా కాస్త దూరం వెళ్తుంది, ఎక్కడా కలవకుండానే ఆగిపోతుంది. అది ఈనె కాదు, రెక్క పొర అక్కడ మడతపడి గట్టిపడిన గీత. శాస్త్రం దాన్ని దొంగ ఈనె అంటుంది. సిర్ఫిడ్ కుటుంబానికి అదే ఇంటిపేరు. దీంతోపాటు రెక్క చివర కూడా చూడాలి. ఈనెలు అంచు దాకా పోకుండా, అంచుకు సమానంగా వంగి, చీర అంచుకు లోపల ఇంకో కుట్టు వేసినట్టు కనిపిస్తాయి.

ఆ అమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. “ఎక్కడికీ అందనేదు, ఆ గీత,” అంది. అంతకంటే బాగా చెప్పిన వాక్యం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నడుముకు రెండు పట్టీలు

ప్రపంచంలో ఈ కుటుంబపు జాతులు ఆరువేలకు పైనే. మన దేశంలో మూడు వందలకు పైగా నమోదయ్యాయి. ఇక్కడి సిర్ఫిడ్ ఈగలను ఒకచోట చేర్చి వర్ణించిన తొలినాటి పెద్ద పుస్తకం 1923లో వచ్చింది. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో అది ఈగల మీద మూడో సంపుటం. రాసిన ఎన్రికో బ్రూనెట్టి వృత్తికి సంగీతకారుడు, కలకత్తాలో ఉండేవాడు. పాటతో పొట్టపోసుకుంటూ ఈగల రెక్కల్లో గీతలు లెక్కపెట్టిన మనిషి.

గాజు గొట్టంలో ఉన్నదాని పొట్ట మీదికి వద్దాం. సిర్ఫిడ్లలో చాలావాటికి పొట్ట మీద ఒక్కో పలకకు ఒక్కో పసుపు పట్టీ, లేదా ఒక్కో జత మచ్చలు. దీనికి మాత్రం నారింజ రంగు పలక మీద రెండేసి నల్ల గీతలు. మూడో పలకా నాలుగో పలకా చూడండి. వెనక అంచున వెడల్పాటి నల్ల పట్టీ. దానికి ముందు, నారింజ మధ్యలో, కోరమీసంలా ఒక సన్నటి నల్ల గీత. లావుది ఒకటి, సన్నది ఒకటి. జరీ చీరకు పెద్దంచు పైన పేటంచు వేసినట్టు. ఛాతీ మీద బూడిద రంగు చారలు నిలువుగా, మసకగా. పొడుగు సెంటీమీటరు అటూ ఇటూ. ఎపిసిర్ఫస్ బాల్టియాటస్. 1776లో స్వీడన్ శాస్త్రవేత్త డి గీర్ దీన్ని వర్ణించాడు. బాల్టియాటస్ అంటే లాటిన్‌లో నడుముకు పట్టీ కట్టుకున్నది అని అర్థం.

యూరప్ నుంచి ఆసియా దాకా విస్తరించిన జాతి ఇది. అరకు గట్టు మీద చూస్తే మన పూలు వదిలి ఎటూ పోని బక్కప్రాణి అనిపిస్తుంది. కానీ దీని తోడబుట్టినవి సముద్రాలు దాటతాయి. ఈ జాతీ దీని దగ్గరి బంధువులూ కలిసి బ్రిటన్ దక్షిణ భాగం మీదుగా ఏటా వందకోట్ల నుంచి నాలుగు వందల కోట్ల దాకా రాకపోకలు సాగిస్తున్నాయని రాడార్ లెక్కలతో 2019లో తేల్చారు. పువ్వులో వేలి గోరంత చోటులో ఆగేది, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పుప్పొడి మోసుకెళ్లగలదు.

తుంటిపన్ను

అదే చేలో రెండోది దొరికింది. దూరానికి రెండూ ఒకటే. భూతద్దం కింద వేరు. ఛాతీ నల్లగా మెరుస్తుంది, రెండు పక్కలా అంచు వెంట నిమ్మపండు రంగు గీత. ఛాతీ చివర ఉండే చిన్న డాలు పసుపు, నడుమ గోధుమ రంగు. పొట్ట మీద మొదట పక్కలకు ఒక జత మచ్చలు, తర్వాత వంపు తిరిగిన పసుపు పట్టీలు. కోరమీసం గీత లేదు. ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్. మైదానాల్లో మన కూరగాయల మళ్ల దగ్గర తరచుగా కనిపించేది ఇదే.

మగది దొరికితే సందేహం మిగలదు. వెనక కాలు ఒంటికి కలిసే చోట, తొడకు పైనున్న చిన్న కీలు దగ్గర, ముల్లులా ఒక మొన ఉంటుంది. పేరులోనే ఆ గుర్తు దాచారు. ఇస్కియోడాన్ అంటే గ్రీకులో తుంటిపన్ను. శాస్త్రీయ నామాలంటే నోరు తిరగని మాటలని జంకుతాం. చాలాసార్లు అవి ఎక్కడ చూడాలో చెప్పే చిరునామాలు.

చేను కింద వరిమడి గట్టున మూడోది తిరుగుతోంది. లావుగా, తేనెటీగలా. దీన్ని పోల్చుకోవడానికి కళ్లు చాలు. అంటే దాని కళ్లు. లేత రంగు మీద నల్ల చుక్కలు చల్లినట్టుంటాయి. ఎరిస్టాలినస్ ప్రజాతి. దీని రెక్కలో ఒక ఈనె తిన్నగా పోకుండా కిందికి గిన్నెలా వంగుతుంది. పిల్లపురుగు మురుగునీళ్లలో పెరుగుతుంది. ఎలకతోకలాంటి గొట్టాన్ని నీటి పైకి చాపి ఊపిరి తీసుకుంటుంది. పువ్వు మీద ముచ్చటగా కనిపించేదాని బాల్యం అలాంటిది.

చిక్కుడు పాదు దగ్గర

మధ్యాహ్నం ఆ అమ్మ ఇంటికి తీసుకెళ్లింది. రాగి జావ ఇచ్చింది. పెరట్లో చిక్కుడు పాదు పందిరెక్కింది. లేత కొసలన్నీ నల్లగా ఉన్నాయి. పేనుబంక. చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయి.

“ఈ మసీ, దాని మధ్య ఈ పచ్చ పురుగూ. ఆకు తినేస్తంది,” అంటూ రెండు వేళ్లతో నలిపెయ్యబోయింది.

“ఆగమ్మా, ఒక్క నిమిషం.”

సెంటీమీటరు లేదు. లేత ఆకుపచ్చ, దాదాపు పారదర్శకం. ఒకవైపు మొద్దుగా, ఒకవైపు కోసుగా. ఆకు తినే గొంగళికైతే గట్టి తల ఉంటుంది, కాళ్లుంటాయి. దీనికి తలా లేదు, కాళ్లూ లేవు, కళ్లూ లేవు. కోసు కొనను అటూ ఇటూ ఊపి తడుముకుంటోంది. కొన ఒక పేనుకు తగిలింది. ఠక్కున పట్టింది. ఆకు మీంచి పేనును పైకి లేపి, గాలిలో పట్టుకుని పీల్చడం మొదలుపెట్టింది. పేను మెల్లగా ముడతపడింది. ఖాళీ తొక్క పక్కన పడింది. మళ్లీ తడుములాట.

ఆమె లెక్కపెట్టింది. మేం చూస్తుండగానే నాలుగు. పెరిగి పెద్దయ్యేలోపు ఒక్కో పిల్లపురుగు వందల పేలను తినేస్తుంది. ఇది పొద్దున గాజు గొట్టంలో చూసిన ఈగలాంటిదాని పిల్లే. తల్లి ఒక్కో గుడ్డూ తెల్లగా బియ్యపు నూకలా ఈ పేల గుంపు పక్కనే పెట్టి వెళ్తుంది. ఆ గుడ్లు తయారవడానికి దానికి పుప్పొడి కావాలి. పుప్పొడి వలిసె చేలో ఉంది. అంటే ఆ చేను పూస్తే ఈ పాదు బాగుపడుతుంది. ఈ పాదు మీద మందు పడితే ఆ చేలో ఒక కూలీ తగ్గుతుంది. పొద్దుట నేను చూపించిన రెక్కలూ గీతలూ ఇక్కడికొచ్చి ఒక పూట కూర అయ్యాయి.

“సెప్పినోళ్లు నేరు బాబూ,” అంది ఆ అమ్మ. చెయ్యి వెనక్కి తీసుకుంది.

చలి మార్చిన రంగు

మర్నాడు తెల్లవారి మంచు దట్టంగా ఉంది. అదే చేలో, పువ్వు అడుగున, దాదాపు నల్లగా ఉన్న ఒక సిర్ఫిడ్ దొరికింది. పొట్ట మీద నారింజ బాగా తక్కువ. గుండె దడదడలాడింది. ఇంతకుముందు చూడని జాతి అనుకున్నాను. నోటుబుక్కు తీసి రాయబోయాను కూడా.

రాయనందుకు ఇప్పుడు సంతోషం. ఎండ పొర చేను మీద పడింది. ఈగ రెక్కలు వణికించి ఒళ్లు వేడి చేసుకుంటూ పొట్ట తెరిచింది. నాలుగో పలక మీద లావుపాటి నలుపు ముందు, మిగిలిన కాస్త నారింజలో, అదే కోరమీసం. ఎపిసిర్ఫసే. ఈ ఈగ గూటిపురుగు దశలో ఉండగా చలి ఎక్కువైతే పుట్టేది నల్లబడుతుంది. వెచ్చగా ఉంటే నారింజ విచ్చుకుంటుంది. ఒకే తల్లి పిల్లలు పుట్టిన నెలను బట్టి వేరు వేరు రంగుల్లో రావచ్చు. అందుకే రంగును నమ్మి పేరు రాయకూడదు. గీత ఎక్కడుంది, ఎన్ని ఉన్నాయి, ఈనె ఎటు వంగింది, తుంటి దగ్గర మొన ఉందా అన్నవే చివరికి నిలుస్తాయి.

వెళ్లే ముందు ఇంకొకటి కనిపించింది. అయిదు మిల్లీమీటర్లు కూడా లేని నల్లటి చిన్న ఈగ, పసుపు ముఖం. పారాగస్ ప్రజాతి. దానిలో జాతులను విడదీయాలంటే మగదాని జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఫొటో చాలదు. నోటుబుక్కులో ‘పారాగస్’ అని మాత్రం రాసి, పక్కన ఖాళీ వదిలి, గొట్టం మూత తీశాను. ఎగిరిపోయింది.

గట్టు మీద ఆ అమ్మ నిలబడి ఉంది. “పేరు తేలినాదా?”

“సగం తేలిందమ్మా.”

“కుట్టేదా, కుట్టందా?”

“కుట్టదు.”

“అయితే నాకు సాల్లే,” అని కొడవలి నడుములో దోపుకుని చేలోకి దిగింది. పువ్వు మీద ఆగిన ఒకదాన్ని చేత్తో తోలకుండా పక్కనుంచి నడిచి వెళ్లింది. నాకైతే ఆ ఖాళీ నింపుకోవడానికి మళ్లీ ఏడాది వలిసె పూయాలి.